డాబా మీద నెట్టు, గోల్కొండలో రౌండు: బెజవాడ గోల్ఫరుకు పింగ్ జి425 మ్యాక్స్ డ్రైవర్ ఎంతవరకు పనికొస్తుంది?

పింగ్ జి425 మ్యాక్స్ 2021లో వచ్చిన డ్రైవర్, అంటే బంతిని అన్నిటికన్నా దూరం కొట్టే గోల్ఫ్ క్లబ్బు. అదే వరసలో 2023లో జి430, 2025లో జి440 వచ్చేశాయి. అంటే లెక్క ప్రకారం ఇది పాత సరుకు. అయినా విజయవాడ, గుంటూరుల్లో ఉంటూ గోల్ఫ్ ఆడేవాళ్ళు మొదటి మంచి డ్రైవర్ ఏది కొనాలని అడిగితే ముందు దీన్నే చూడమని చెప్పాలి. లాఫ్ట్ (బంతిని తాకే ముఖం, అంటే ఫేస్, వెనక్కి వాలిన కోణం) 10.5 డిగ్రీలున్నది చూడండి, స్వింగ్ నెమ్మదైతే 12. 9 డిగ్రీలది చవగ్గా దొరికినా వదిలేయండి. ఎందుకో కింద ఉంది.

ఇక్కడి గోల్ఫరు పరిస్థితి వేరు. వారమంతా డాబా మీదో పెరట్లోనో కట్టుకున్న నెట్టులో కొడతారు. నెలకోసారి 275 కిలోమీటర్లు కారేసుకుని హైదరాబాద్ వెళ్ళి గోల్కొండ నయా ఖిలా కోర్సులోనో గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌లోనో ఆడతారు, లేదా అటు విశాఖ ఈస్ట్ పాయింట్‌కు వెళ్తారు. ఊళ్ళో స్పోర్ట్స్ షాపుల్లో క్రికెట్ బ్యాట్లు, షటిల్ రాకెట్లు ఎన్ని కావాలంటే అన్ని ఉంటాయి గానీ నాలుగు డ్రైవర్లు వరసగా కొట్టి చూసి కొనే వీలు లేదు. ఎక్కువమంది కొనేది ఫొటో చూసి, కొరియర్‌లో తెప్పించుకుని. అలా కొన్నది సరిపడకపోతే ఇంట్లోనే కొంత సర్దుకోగలగాలి. ఈ డ్రైవర్‌కు మొదటి మార్కు పడేది అక్కడే.

ముందు ఈ డ్రైవర్ హెడ్డు చేసిన టైటానియం సంగతి. డ్రైవర్ లాంటి పెద్ద హెడ్డు క్లబ్బులకు ‘వుడ్’ అనే పేరు ఊరికే రాలేదు. 1979లో టేలర్‌మేడ్ స్టీలు హెడ్డుతో మార్కెట్లోకి దిగేదాకా డ్రైవర్ అంటే దాదాపుగా పెర్సిమన్ చెక్కే, మన బీడీ ఆకు తునికి చెట్టుకు దాయాది. 1991లో కాలవే బిగ్ బెర్తా కూడా స్టీలే, 190 సీసీ. 1995లో గ్రేట్ బిగ్ బెర్తాతో టైటానియం వచ్చాక హెడ్డు 250 సీసీకి పెరిగింది, ఇప్పుడు నిబంధనలు ఒప్పుకునే 460 సీసీ దగ్గర ఆగింది. కారణం బరువే. టైటానియం మిశ్రమం సీసీకి 4.4 గ్రాముల చుట్టుపక్కల తూగుతుంది, స్టీలు 7.8. డ్రైవర్ హెడ్డు 200 గ్రాముల దగ్గర ఉంటేనే మనిషి ఊపగలడు. ఇదే సైజు, ఇదే మందంతో స్టీలు హెడ్డు చేస్తే 350 గ్రాములు దాటుతుంది, అది సుత్తి. టైటానియంతో పైకప్పును, అంటే క్రౌన్‌ను, పల్చగా లాగి మిగిల్చిన గ్రాముల్ని కంపెనీ వెనక్కి, కిందికి తోస్తుంది. జి425 మ్యాక్స్‌లో అలా మిగిల్చిన బరువు 26 గ్రాముల టంగ్‌స్టన్ ముక్కగా హెడ్డు వెనక అంచున కూర్చుంది. బంతి ఫేస్ మధ్యలో కాకుండా పక్కన తగిలినప్పుడు హెడ్డు చేతిలో మెలిక తిరక్కుండా ఆపేది అదే.

ఇక్కడే కొత్త మోడల్ ప్రకటనల గుట్టు ఉంది. ఫేస్ ఎంత స్ప్రింగులా పనిచేయాలో గోల్ఫ్ నిబంధనలు రాసే ఆర్ అండ్ ఎ, యూఎస్‌జీఏ సంస్థలు కొలిచి కట్టడి చేశాయి: పరీక్షలో చిన్న స్టీలు లోలకం ఫేస్‌ను అంటుకుని ఉండే సమయం 239 మైక్రోసెకన్లు, తేడా కింద మరో 18, మొత్తం 257 దాటకూడదు. పేరున్న కంపెనీలన్నీ ఎప్పుడో ఆ గీత దగ్గరికి చేరిపోయాయి. కాబట్టి ఫేస్ నడిమధ్యన తగిలిన బంతికి 2021 డ్రైవర్‌కూ ఈ ఏటి డ్రైవర్‌కూ కంటికి ఆనే తేడా ఉండదు. తేడా వచ్చేది పక్కన తగిలిన బంతులకు, అది కూడా కొద్దిగా. ‘పాతదానికన్నా ఇరవై గజాలు ఎక్కువ’ అన్న మాట విన్నప్పుడు, ఆ పాతదాని లాఫ్ట్, షాఫ్ట్ (క్లబ్బు కర్ర) అసలు ఆ మనిషికి సరిపోయాయా అని అడగాలి. చాలాసార్లు ఆ ఇరవై గజాలు వచ్చింది కొత్త టైటానియం నుంచి కాదు, పొరపాటున సరైన లాఫ్ట్ దొరకడం నుంచి.

లాఫ్ట్ దగ్గర మగతనం చూపించుకునే అలవాటు మనవాళ్ళకు బాగా ఉంది. బ్యాగులో 9 డిగ్రీల డ్రైవర్ ఉంటే అదో హోదా. క్లబ్ వేగం గంటకు 90 మైళ్ళ దగ్గర ఉన్నవాళ్ళకు, అంటే మామూలు వారాంతపు ఆటగాడికి, బంతి 13 నుంచి 15 డిగ్రీల కోణంలో లేచి, నిమిషానికి 2,500 నుంచి 3,000 దాకా తిరిగితే గాల్లో పూర్తి దూరం పోతుంది. 9 డిగ్రీలతో అది కావాలంటే బంతిని బాగా పైకి ఊడ్చినట్టు కొట్టాలి. అది రాక చాలామంది భుజాలు వెనక్కి వాల్చి బలవంతాన లేపబోతారు, ఫేస్ తెరుచుకుపోతుంది, బంతి కుడికి అరటిపండులా వంగిపోతుంది. (ఇక్కడ చెప్పేదంతా కుడిచేతి వాటం వాళ్ళ లెక్క, ఎడమచేతి వాటం వాళ్ళు తిప్పి చదువుకోవాలి.) లాఫ్ట్ పెరిగే కొద్దీ బంతి వెనక్కి తిరిగే పాలు పెరిగి, పక్కకు వంగే పాలు తగ్గుతుంది. 12 డిగ్రీల డ్రైవర్ తిన్నగా పోవడానికి కారణం అదే. మొహమాటపడాల్సిన పని లేదు, ఫెయిర్‌వేలో (గడ్డి పొట్టిగా కోసిన దారిలో) పడ్డ బంతి మీద లాఫ్ట్ రాసి ఉండదు.

జి425 మ్యాక్స్ హోసెల్‌లో, అంటే హెడ్డులో షాఫ్ట్ దిగే గొట్టంలో, 8 స్థానాలున్న స్లీవ్ (షాఫ్ట్ చివర అతికించిన తొడుగు) ఉంటుంది. లాఫ్ట్‌ను ఒకటి, ఒకటిన్నర డిగ్రీలు పైకీ కిందికీ జరపొచ్చు, హెడ్డును 3 డిగ్రీల దాకా పడుకోబెట్టే ‘ఫ్లాట్’ స్థానాలు వేరుగా ఉన్నాయి. ఒక మెలిక గుర్తుంచుకోవాలి: లాఫ్ట్ పెంచితే నేల మీద పెట్టినప్పుడు ఫేస్ కొంచెం ఎడమకు మూసుకుంటుంది, తగ్గిస్తే తెరుచుకుంటుంది. స్లైస్ కొట్టేవాళ్ళు, అంటే బంతి కుడికి వంగిపోయేవాళ్ళు, ‘బంతి మరీ లేస్తోంది’ అని లాఫ్ట్ తగ్గిస్తే రోగం ముదురుతుంది. ఫ్లాట్ స్థానాలు హుక్ (బంతి ఎడమకు వంగడం) కొట్టేవాళ్ళకు, స్లైస్ వాళ్ళు వాటి జోలికి పోకూడదు.

తిప్పే పద్ధతి చూడ్డానికి తేలిక, చెడగొట్టడం కూడా అంతే తేలిక. డ్రైవర్‌తో వచ్చే టార్క్ రెంచితో హెడ్డు అడుగున ఉన్న స్క్రూ విప్పి, హెడ్డును నిటారుగా లాగాలి, పక్కకు వంచకూడదు. స్లీవ్ పళ్ళనూ హోసెల్ లోపలినీ పొడి గుడ్డతో తుడవాలి. నెట్టు ఉన్న డాబా మీద సిమెంటు దుమ్ము ఎప్పుడూ ఉంటుంది, ఒక్క రేణువు పళ్ళ మధ్య ఇరుక్కుంటే రెంచి ముందే ‘టక్’మంటుంది గానీ హెడ్డు పూర్తిగా కూర్చోదు. కావలసిన గుర్తు ఎదురుగా వచ్చేలా స్లీవ్ తిప్పి, దించి, ముందు చేత్తోనే రెండు చుట్లు బిగించి, తర్వాత రెంచితో ఒక్క ‘టక్’ వినపడేదాకా బిగించాలి. రెండోసారి అనిపించుకోవద్దు. ఇప్పుడు స్లీవ్‌కూ హోసెల్‌కూ మధ్య ఉన్న గీత మీద చుట్టూ గోరు నడిపించి చూడండి. గోరు ఎక్కడా దిగకూడదు. ఎక్కడైనా దిగిందంటే విప్పి మళ్ళీ తుడవాల్సిందే. ఆ సందుతోనే కొడితే నాలుగు వారాల్లో స్లీవ్ పళ్ళు అరిగి హెడ్డు చేతిలో టకటకలాడుతుంది.

రెంచి పోతే వన్ టౌన్‌లో అలాంటి నక్షత్రం మొన ఉన్న కీ దొరక్కపోదు, విప్పడానికి సరే. బిగించడానికి మాత్రం వద్దు. మామూలు ఎల్ కీకి ఎక్కడ ఆగాలో తెలియదు, అల్యూమినియం స్లీవ్‌లో మర పోయిందంటే స్లీవ్ మార్చడం తప్ప దారి లేదు. స్క్రూ వదులవుతోందని ఫెవిక్విక్ చుక్క వేసే ప్రజ్ఞ కూడా ప్రదర్శించకండి.

స్లీవ్ తిప్పితే దానికి అతికించిన షాఫ్ట్, గ్రిప్ కూడా తిరుగుతాయి. గ్రిప్ గుండ్రంగా ఉంటే పర్వాలేదు. కొందరికి గ్రిప్ అడుగున వేళ్ళకు తగిలే గట్టు ఉంటే ఇష్టం. అలాంటి గ్రిప్ వేసిన డ్రైవర్ సెట్టింగ్ మార్చగానే గట్టు బొటనవేలి కిందికో అరచేతి పక్కకో వచ్చి, మీకు తెలియకుండానే పట్టు మారిపోతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు ఈ గ్రిప్ ఉందేమో అడిగి తెలుసుకోవాలి.

26 గ్రాముల బరువుకు వెనక మూడు స్థానాలున్నాయి: మధ్య, డ్రా (బంతిని ఎడమకు తిప్పేది), ఫేడ్ (కుడికి తిప్పేది). అదే రెంచితో మార్చొచ్చు. స్లైస్ ఉన్నవాళ్ళు మొదటిరోజే డ్రాలో పెట్టుకుని కూర్చోవచ్చు, ఆలోచించాల్సిన పని లేదు. హోసెల్‌తో పోలిస్తే దీని ప్రభావం నెమ్మది.

ఇక పొడవు. ఈ డ్రైవర్ కంపెనీ నుంచి 45.75 అంగుళాలతో వస్తుంది. నిబంధనల గరిష్ఠం 48 అంగుళాలు, పెద్ద పోటీల్లో 2022 నుంచి 46కే పరిమితం చేసుకునే వెసులుబాటు ఇచ్చారు. పొడవు పెరిగితే వేగం పెరుగుతుంది, ఫేస్ మధ్యలో తగిలించడం కష్టమవుతుంది. ఐదడుగుల ఏడంగుళాల మనిషికి 45.75 కాస్త ఎక్కువే. కోయించే ముందు నెల రోజులు గ్రిప్‌ను ఒక అంగుళం కిందికి పట్టుకుని కొట్టి చూడండి, దానికి ఖర్చు లేదు. దూరం తగ్గకుండా బంతులు దారికొస్తున్నాయంటే అప్పుడు కోయించవచ్చు. కోసేది గ్రిప్ వైపే, హెడ్డు వైపు కోస్తే షాఫ్ట్ గట్టిపడిపోతుంది. అర అంగుళం కోస్తే స్వింగ్ వెయిట్, అంటే ఊపేటప్పుడు హెడ్డు బరువు చేతికి ఎంత తెలుస్తుందో చెప్పే కొలత, సుమారు 3 పాయింట్లు పడిపోతుంది. ఒక్కో పాయింటుకు హెడ్డు మీద 2 గ్రాముల లెడ్ టేప్ లెక్కన 6 గ్రాములు అంటిస్తే సరిపోతుంది. అంటించకుండా వదిలేస్తే హెడ్డు ఎక్కడుందో చేతికి తెలియదు, ఖాళీ కర్ర ఊపినట్టుంటుంది. దీంతో వచ్చే ఆల్టా సీబీ షాఫ్ట్ పిడి వైపు బరువు పెట్టి చేసింది, అక్కడ కోస్తే ఆ బరువులో కొంత పోతుందని గుర్తుంచుకుని అంగుళానికి మించి కోయకండి.

షాఫ్ట్ మెత్తదనాన్ని మెత్తనిదాని నుంచి గట్టిదానికి ఎస్ఆర్, ఆర్, ఎస్ అని గుర్తిస్తారు గానీ దానికి ప్రపంచమంతా ఒప్పుకున్న కొలత లేదు. ఒక కంపెనీ ఆర్ ఇంకో కంపెనీ ఎస్ కావచ్చు. దారి చూపే లెక్కగా: వేగం 85 మైళ్ళలోపు అయితే ఎస్ఆర్, 85 నుంచి 95 దాకా ఆర్, ఆపైన ఎస్. వేగం తెలుసుకోవాలంటే హైదరాబాద్ వెళ్ళినప్పుడు లాంచ్ మానిటర్ (క్లబ్బు, బంతి వేగాలు కొలిచే యంత్రం) మీద పది బంతులు కొట్టి అంకెలు రాసుకోండి. అందులో కూడా అన్నిటికన్నా దూరం పోయిన ఒక్క బంతిని కాదు, మధ్యలో ఉన్న ఐదారు బంతుల్ని చూడాలి. సెకండ్ హ్యాండ్ బజారులో ఎస్ షాఫ్ట్‌లే ఎక్కువ కనిపిస్తాయి. ఎందుకంటే కొనేటప్పుడు అందరూ ఎస్ అనే కొంటారు, ఆర్నెల్లకు అమ్మేస్తారు.

లాంచ్ మానిటర్ లేకుండా డాబా మీదే చేయగలిగిన పరీక్ష ఒకటుంది, దానికి కావలసింది వైట్‌బోర్డ్ మార్కర్ పెన్ను. బంతి మీద పావలా బిళ్ళంత చుక్క దట్టంగా పెట్టి, చుక్క ఫేస్ వైపు ఉండేలా టీ (బంతిని నిలిపే చిన్న పుల్ల) మీద నిలబెట్టి, సిరా ఆరకముందే కొట్టండి. ఫేస్ మీద మచ్చ పడుతుంది. పది బంతులు కొట్టి, ప్రతిసారీ మచ్చ ఎక్కడ పడిందో చూసి తుడిచేయండి. మచ్చలు మడమ వైపు, అంటే షాఫ్ట్ దగ్గరగా ఉంటే బంతి కుడికి వంగుతుంది. చివర వైపు ఉంటే ఎడమకు. హెడ్డు ఒకవైపు మెలిక తిరిగితే బంతి రెండో వైపుకి తిరుగుతుంది, పళ్ళ చక్రాలు రెండు ఒకదాన్నొకటి తిప్పినట్టు. ఫేస్ వంపుగా చేసేది ఆ తిరుగుడును సర్దడానికే. కింది భాగంలో తగిలితే స్పిన్ పెరిగి బంతి పైకి లేచి అక్కడే కూలబడుతుంది, మధ్యకు కొంచెం పైన తగిలితే స్పిన్ తగ్గి ముందుకు దూసుకుపోతుంది. మచ్చలన్నీ కిందే పడుతుంటే డ్రైవర్‌ను తిట్టుకునే ముందు టీ ఎత్తు చూసుకోండి. హెడ్డు నేల మీద పెట్టినప్పుడు సగం బంతి క్రౌన్ పైన కనిపించాలి. 460 సీసీ హెడ్డుకు రెండు ముప్పాతిక అంగుళాల టీ బొటాబొటిగా సరిపోతుంది, మూడుంపావుది ఉంటే నిశ్చింత. మరీ ఎత్తు పెడితే బంతి క్రౌన్ అంచుకు తగిలి పెయింట్ మీద తెల్ల గీత పడుతుంది. ఆ గీత ఆటకు అడ్డం కాదు, అమ్మేటప్పుడు ధరకు మాత్రం అడ్డమే.

నెట్టు విషయంలో బెజవాడలో జరిగే పొరపాటు క్రికెట్ నెట్టు కట్టడం. క్రికెట్ బంతి అడ్డంగా 70 మిల్లీమీటర్ల పైనే, గోల్ఫ్ బంతి 42.67. క్రికెట్ నెట్టు కన్ను సాధారణంగా గోల్ఫ్ బంతి దూరిపోయేంత పెద్దది. గంటకు 130 మైళ్ళ వేగంతో వెళ్ళే బంతి పక్క వీధిలో ఎవరి కారు అద్దానికి తగిలినా గోల్ఫ్ అంతటితో ముగిసిపోతుంది. కన్ను 25 మిల్లీమీటర్లలోపు ఉన్న ముడివల తీసుకుని, బిగుతుగా కాకుండా వదులుగా, వెనక గోడకు కనీసం ఒక గజం దూరంగా వేలాడదీయాలి. బిగుతుగా కడితే బంతి వెనక్కి మోకాళ్ళ మీదికి వస్తుంది. ఎండకు నైలాన్ పెళుసెక్కుతుంది కాబట్టి ఏటా వేసవి అయ్యాక బంతి తగిలే చోట వేళ్ళతో లాగి చూడాలి. ఇసుక అంటిన బంతుల్ని అలాగే కొడితే ఫేస్ మీద సన్నని గీతలు పడతాయి. పక్కన బకెట్లో తడిగుడ్డ ఉంటే చాలు.

శబ్దం గురించి ముందే హెచ్చరించాలి. పల్చని టైటానియం డొల్ల కాబట్టి ఈ డ్రైవర్ ఇత్తడి బిందె మీద కొట్టినట్టు ‘ణంగ్’ మంటుంది. కోర్సులో బాగానే ఉంటుంది. బెంజ్ సర్కిల్ దగ్గర అపార్టుమెంటు పైకప్పు మీద ఉదయం ఆరింటికి మాత్రం బాగుండదు. 2022లో వచ్చిన టేలర్‌మేడ్ స్టెల్త్ లాంటి కార్బన్ ఫేస్ డ్రైవర్లు మెత్తగా ‘థప్’మంటాయి. 60 పొరల కార్బన్ మీద పాలియురెథేన్ పూత ఉండే ఫేస్ అది. దూరంలో ఈ వేగాల దగ్గర పెద్ద తేడా ఏమీ ఉండదు. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు మాత్రం టైటానియానికే మొగ్గు: దాని దెబ్బ కంటికి కనిపిస్తుంది, చెవికి వినిపిస్తుంది.

అదెలాగంటే, పగులు సాధారణంగా మొదలయ్యేది ఫేస్ మీద లేదా ఫేస్, క్రౌన్ కలిసే అంచున. ఫేస్‌ను కంటికి సమంగా పట్టుకుని కిటికీ వెలుగులో మెల్లగా తిప్పితే వెంట్రుక లాంటి గీత మెరుస్తుంది. గోరు దిగితే పగులు, దిగకపోతే గీత. ఫేస్ మీద స్టీలు స్కేలు నిలబెట్టి చూస్తే మధ్యలో ఉబ్బు కనిపించాలి. గుంట కనిపించిందంటే ఫేస్ లోపలికి కుంగింది. ‘ణంగ్’ అనాల్సింది పగిలిన కుండలా ‘డబ్’ అంటే కొనకండి. ఊపితే లోపల గలగలమనేది చాలావరకు ఊడిన జిగురు ముక్కే, ప్రాణాపాయం కాదు, ధర తగ్గించమని అడగడానికి మంచి సాకు.

కొరియర్‌లో తెప్పించే ముందు అడగాల్సిన ఫొటోలు: ఫేస్ ఏటవాలుగా, క్రౌన్ ముందు అంచు, హోసెల్ మీద చెక్కిన సీరియల్ నంబర్, హెడ్డు విప్పి స్లీవ్ పళ్ళు, గ్రిప్ చివర. హెడ్డు విప్పిన ఫొటో పంపనంటే అక్కడితో ఆపేయండి. నకిలీలు బాగానే తిరుగుతున్నాయి. అయస్కాంతం పరీక్ష కొంతవరకే పనికొస్తుంది. టైటానియానికి అయస్కాంతం అంటుకోదు, కాబట్టి ఫేస్‌కు అంటుకుంటే అది నకిలీ అన్నట్టే. అంటుకోలేదు గదా అని అసలుదని నమ్మడానికి లేదు, అల్యూమినియానికీ అంటుకోదు. మొదటిసారి ఆడేవాళ్ళకు చవగ్గా అమ్మే పూర్తి సెట్లలో ‘టైటానియం మ్యాట్రిక్స్’, ‘టైటానియం కోటెడ్’ అని రాసి ఉంటే అది టైటానియం హెడ్డు కాదు, టైటానియం అనే మాట మాత్రమే.

రోహిణి కార్తె ఎండలో కారు డిక్కీలో క్లబ్బులు వదిలేయడం ఇక్కడి డ్రైవర్లకు పెద్ద శత్రువు. టైటానియానికి ఏమీ కాదు. షాఫ్ట్‌ను స్లీవ్‌లో పట్టి ఉంచేది ఎపాక్సీ గమ్ము. రిపేరు చేసేవాళ్ళు షాఫ్ట్ ఊడదీయాలంటే హీట్ గన్‌తో వేడిచేసేది దాన్నే. మూసిన డిక్కీలో అంత వేడి ఒక్క రోజులో పుట్టదు గానీ, మే నెలంతా మండుతూ, రాత్రి చల్లబడుతూ ఉంటే గమ్ము పట్టు మెల్లగా సడలుతుంది. ముందుగా కనిపించే సూచన స్లీవ్ పైన ఉండే నల్ల ప్లాస్టిక్ ఉంగరం ఒక మిల్లీమీటరు పైకి జరగడం. అది కనిపించాక కూడా ఆడితే ఏదో ఒక టీ మీద బంతి ముందు హెడ్డే ఎగురుతుంది. గ్రిప్ కింది టేపు కూడా వేడికి జారి, గ్రిప్ చేతిలో కొద్దిగా తిరుగుతుంది, అది తెలియక స్వింగ్ మార్చుకునేవాళ్ళున్నారు. డ్రైవర్ ఒక్కటన్నా ఇంట్లోకి తెచ్చుకోండి. మన ఉక్కపోతకు నున్నని రబ్బరు గ్రిప్ కన్నా నూలు దారం కలిపిన కార్డ్ గ్రిప్ నయం. గ్రిప్ మార్చేటప్పుడు పాతదాన్ని మామూలు బ్లేడుతో షాఫ్ట్ వైపు కోయకూడదు, కార్బన్ పోగులు తెగుతాయి. కొక్కెం బ్లేడుతో బయటికి లాగుతూ కోయాలి.

హెడ్డు పగిలితే? ఆటోనగర్‌లో అతకని లోహం ఉండదని మనకో నమ్మకం. లారీ యాక్సిల్‌కు నిజమే. ఎర్రగా కాలిన టైటానియం గాలిలోని ఆక్సిజన్, నైట్రోజన్‌లను పీల్చుకుని పెళుసెక్కుతుంది. ముందూ వెనకా ఆర్గాన్ వాయువు కప్పకుండా చేసిన వెల్డింగ్ చూడ్డానికి అతుకుతుంది, పది బంతులకు దాని పక్కనే పగులుతుంది. పగిలిన హెడ్డును పారేసి, షాఫ్ట్, స్లీవ్ దాచుకోండి. అదే మోడల్ హెడ్డు ఒక్కటే విడిగా దొరుకుతూ ఉంటుంది.

హైదరాబాద్ దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది, విశాఖ సముద్రమట్టంలో. అదే దెబ్బకు గోల్కొండలో క్యారీ (బంతి గాల్లో పోయే దూరం) దాదాపు 2 శాతం ఎక్కువ వస్తుంది, 200 గజాలకు నాలుగు గజాలు. డిసెంబరు ఉదయానికీ మే మధ్యాహ్నానికీ మధ్య ఇంకో నాలుగైదు గజాలు తేడా. ఈ గజాల్ని కొత్త డ్రైవర్ ఖాతాలో రాయకండి. ఇంకో మాట: రౌండు మధ్యలో స్లీవ్ గానీ బరువు గానీ మార్చి ఆ క్లబ్బుతో కొట్టడం నిబంధనలకు విరుద్ధం. మొదటి తొమ్మిది హోల్స్ కుడికి పోయాయని రెంచి తీసి, మార్చి కొడితే పెనాల్టీ. సెట్టింగ్ మొదటి బంతి కొట్టకముందే తేల్చుకోవాలి.

ఎండాకాలంలో బౌల్డర్ హిల్స్ లాంటి రాళ్ళున్న చోట ఎండుగడ్డి రఫ్‌లోంచి (కోయని గడ్డిలోంచి) టైటానియం క్లబ్బుతో కొట్టకండి. రాతికి టైటానియం రాసుకుంటే పుట్టే నిప్పురవ్వలు 1,600 డిగ్రీల సెల్సియస్ దాటి, ఒక సెకను పైనే మండుతాయని 2014లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, అర్వైన్ పరిశోధకులు చూపించారు. స్టీలుకు ఆ గుణం కనిపించలేదు. డ్రైవర్ టీ మీద నుంచే వాడతారు కాబట్టి భయం తక్కువ, బ్యాగులో టైటానియం అడుగున్న ఫెయిర్‌వే వుడ్, హైబ్రిడ్ ఉంటే గుర్తుంచుకోండి.

ఈ మ్యాక్స్ అందరికీ కాదు. వేగం 105 మైళ్ళు దాటి, స్పిన్ ఎక్కువై బంతి గాల్లో నిలబడిపోతున్నవాళ్ళకు ఇదే వరసలో 445 సీసీ ఎల్ఎస్‌టీ ఉంది, కానీ అది పక్కన తగిలిన బంతుల్ని ఇంతగా క్షమించదు. డ్రా బరువు పెట్టి, లాఫ్ట్ ఒక డిగ్రీ పెంచి, అంగుళం కిందికి పట్టుకుని కూడా బంతి పక్క ఫెయిర్‌వేలోకే పోతోందంటే ఇదే వరసలోని ఎస్ఎఫ్‌టీ చూడండి. అందులో 23 గ్రాముల బరువు మడమ వైపే స్థిరంగా బిగించి ఉంటుంది, జరపడానికి వీలుండదు. స్లైస్ తగ్గాక మాత్రం అదే హుక్ కొట్టిస్తుంది, అప్పుడు మార్చక తప్పదు.